మధ్యాహ్నం నమాజు దాకా

పదకొండూ యాభై. మధ్యాహ్నం నమాజు ఒంటిగంటన్నరకి, అది కాగానే అత్తగారిని మట్టికి తీసుకెళతారు, అంటే ఇంకా గంటా నలభై నిమిషాలు, బురుల్ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది, పెట్టుకుని ఏం చేస్తుంది, గంటా నలభై నిమిషాల్లో ఈ మంచు కరుగుతుందా, కనుమ తెరుస్తారా, తెరిచినా అవతల ఇంకా నూట తొంభై కిలోమీటర్లు. ఫోను ఇంకా చెవికి ఆనించుకునే ఉన్నానని అప్పుడు తెలిసింది ఆమెకి. బావగారు ఎప్పుడో పెట్టేశారు. ఆయన గొంతు ఎప్పుడూ పొడిగానే ఉంటుంది, ఊళ్ళో పశువుల డాక్టరు, ఆవు చచ్చినా దూడ పుట్టినా ఒకటే గొంతు, ఇవాళా అదే గొంతుతో, ‘‘అమ్మ తెల్లారుజామున వెళ్ళిపోయిందమ్మాయ్, నిద్రలోనే,’’ అన్నారు. ‘‘కనుమ మూడు రోజులదాకా తెరవరట. తమ్ముడి కోసం అన్నాళ్ళు ఉంచితే అమ్మకే కష్టం. ఇవాళే కానిస్తున్నాం. వాడికి నువ్వు చెప్పకు. ఊరి మొదట్లో మా మేనమావయ్య నిలబడి ఉంటాడు, ఆయన చెబుతాడు. నీ నోట రాకూడదు, తెలుసుగా.’’ తెలుసు. ఎందుకు తెలియదు. చావు కబురు దారిలో ఉన్నవాడి చెవిన వెయ్యకూడదు, ఇంటి ఆడది అసలు వెయ్యకూడదు, పెద్దాయన ఒకడు ఎదురొచ్చి, భుజం మీద చెయ్యేసి, మెల్లగా, చుట్టూ తిప్పి చెప్పాలి. తాతల నాటి నుంచి అదే పద్ధతి. ఆ తాతలెవరికీ ఫోన్లు లేవు, పెళ్ళానికి గంటా నలభై నిమిషాల ముందు కబురు చేరే ఏర్పాటు లేదు.

వెనక తో-అషూ సొరంగం నోటికి మంచు జారి మూతపడింది, ముందు అలా-బెల్ కనుమ మూసేశారు, ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, సరిగ్గా అలా నిన్న సాయంత్రం నుంచి ఈ లోయలో అరవై డెబ్భై బళ్ళు. మే నెల మొదటివారం, కింద నగరంలో లైలాక్ పూలు, ఇక్కడ ఇది. దిండు ఎత్తులో ఉన్న చిన్న కిటికీలోంచి ఆమెకి మొగుడు కనపడుతున్నాడు. పార పట్టుకుని ఎవరిదో ఆకుపచ్చ కారు చక్రాల కింద మంచు తవ్వుతున్నాడు, తవ్వుతూ ఏదో అంటున్నాడు, పక్కన లారీవాళ్ళిద్దరు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. కుబాత్‌కి ఇలాంటి చోట్లే ప్రాణం లేచొస్తుంది. బస్సుల షెడ్డులో ఇరవై ఆరేళ్ళు మెకానిక్‌గా చేసినవాడు, చెడిపోయిందేదన్నా కనపడితే పండగే. ఈ బండీ అలా పండగ చేసుకుందే. పల్లెటూరి ఆసుపత్రివాళ్ళు తుక్కు కింద పారేస్తే, అదే, జనం రొట్టెబండి అంటారే ఆ గుండ్రటి రష్యా వ్యాను, తెచ్చి మూడేళ్ళు ఇంటి ముందు పెట్టుకుని, లోపల మంచం, మడత బల్ల, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, అన్నీ సొంత చేతులతో బిగించాడు. అమ్మ మోకాళ్ళ కోసం తలుపు దగ్గర రెండు మెట్లు, ఒకటి చాలదని రెండు. అమ్మ పడుకున్న చోటు నుంచే సరస్సు చూడాలని దిండు ఎత్తులో ఈ కిటికీ. డెబ్భై ఎనిమిదేళ్ళొచ్చినా దేశంలో ఉన్న ఆ ఒక్క పెద్ద సరస్సు చూడలేదు ఆవిడ, గొర్రెలు, పిల్లలు, మళ్ళీ గొర్రెలు, ఎప్పుడు తీరిక. ‘‘ఆసుపత్రి బండిలో ఎక్కిస్తావట్రా నన్ను, ఊళ్ళోవాళ్ళు నేను పోయాననుకుని ఏడుస్తూ పరిగెత్తుకొస్తారు,’’ అని ఫోనులో పకపకా నవ్విందట, పోయినవారమే. ఆ మాట చెప్పి కుబాత్ రెండు రోజులు నవ్వాడు.

గురువారం బయల్దేరదామన్నాడు. గురువారం ఆకాశం అద్దంలా ఉంది. బయల్దేరి ఉంటే శుక్రవారం పొద్దుటికి అక్కడ, శనివారానికి ఆవిడని ఎక్కించుకుని వెనక్కి, ఆదివారం, అంటే ఇవాళ, ఇదే టైముకి సరస్సు ఒడ్డున. వద్దన్నది ఎవరు. కర్టెన్లకి అంచులు కుట్టడం కాలేదన్నది ఎవరు. అత్తగారు కుట్టుపనిలో దిట్ట, ఆవిడ పరిచే ఉన్ని తివాచీల మీద అతుకు ఎక్కడుందో దేవుడు కూడా పట్టుకోలేడు, అలాంటావిడ వచ్చి ఈ వంకర కుట్లు చూసి, నోటితో ఏమీ అనదు, వేలితో ఒకసారి ఇలా తడిమి ఊరుకుంటుంది, ఆ తడమడం చాలు బురుల్ చచ్చిపోవడానికి. అందుకని రెండు రోజులు. ఆలస్యం అమృతం విషం, బళ్ళో పిల్లలకి పలకల మీద రాయించిన మాట, తనకి వంటబట్టలేదు. ఇప్పుడు కర్టెన్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. నీలం గుడ్డ, తెల్ల అంచు, ఒక్క కుట్టు పక్కకి పోలేదు. లాగి పీకేద్దామనిపించింది, చెయ్యి కూడా ఎత్తింది, ఎత్తి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది, ఎందుకు పీకావంటే ఏం చెబుతుంది.

వాడికి చెప్పకు. ఎంత తేలిగ్గా అన్నారు. తనకీ చెప్పలేదుగా అప్పుడు. ఇరవై ఏళ్ళది, నగరంలో కాలేజీ, హాస్టలుకి పిన్ని ఫోను, అక్కని చూసుకోడానికి వస్తున్నారే, రేపు రా, మంచి గౌను వేసుకో. గులాబీలున్న కేకు కొన్నది, పెద్దది, అట్టపెట్టెలో, ఆరుగంటల దారి అంతా ఒళ్ళో పెట్టుకుని, క్రీము కరుగుతుందేమోనని అద్దం దించి, షేరుకారు డ్రైవరు వాళ్ళ వీధివాడే, అతనికి తెలుసు, అందరికీ తెలుసు, ఆ కారులో తెలియంది తనకొక్కదానికే, పాట పెట్టమంటే పెట్టాడు, ఇంకోటి పెట్టమంటే ఇంకోటి పెట్టాడు, మధ్యలో ఆపి అడక్కుండానే ఐస్‌క్రీము కొనిచ్చాడు, ఒక్కసారి కూడా అద్దంలోంచి తన మొహం చూడలేదు. పాడింది తను. గొంతెత్తి పాడింది. వీధి మలుపు తిరగ్గానే పెరట్లో ఉన్ని గుడారం, దాని ముందు నడుముకి గుడ్డలు కట్టుకుని వరసగా మగవాళ్ళు. గుడారం పెరట్లో ఎందుకు లేస్తుందో ప్రతివాడికీ తెలుసు. నాన్న. నాన్న లోపల, తను బయట, చేతిలో కేకు. ఎవరో వచ్చి పెట్టె తీసుకున్నారు, సాయంత్రం చుట్టాల పిల్లలు మూతికంతా గులాబీరంగు పూసుకుని తిరుగుతున్నారు. నన్నెందుకు పాడనిచ్చారని అమ్మని అడిగింది, నెల తర్వాత అడిగింది. అమ్మ గిన్నెలు తోముతూ, ‘‘ఆరుగంటలు నాన్నని నీకు ఎక్కువ ఇచ్చాం, అంతకంటే మా దగ్గర ఏముందే ఇవ్వడానికి,’’ అంది. ఆ మాట దయో దగానో ఇరవై నాలుగేళ్ళయినా తేలలేదు బురుల్‌కి. కానీ ఒకటి ఒట్టు పెట్టుకుంది, నేను మాత్రం ఎవరికీ ఇలా చెయ్యను అని. చూడు ఇప్పుడు. కిటికీలోంచి చూస్తూ కూచుంది. అతను నవ్వుతున్నాడు. ఆ డ్రైవరు అద్దంలోంచి ఎందుకు చూడలేదో ఇవాళ తెలిసింది.

పన్నెండూ పది. చేతులు ఊరికే ఉండవు కదా, చేతులకి బుద్ధి వేరే ఉంటుంది, ఎప్పుడు లేచిందో, పిండి ఎప్పుడు కలిపిందో, మూకుడులో నూనె కాగుతోంది. చనిపోయినవాళ్ళకి తిండి అందదు, వాసన అందుతుంది, అందుకే నూనెలో పిండి వేయించి వాసన వదలాలి, ఏడు రొట్టెలు, ఏడుగురికి పంచాలి. నోట చెప్పకూడదన్నారు గానీ నూనె కాచకూడదనలేదుగా ఎవరూ. పిండి గుండ్రంగా వత్తి నూనెలో వేసింది, చుయ్‌మంది, ఆ చప్పుడుకి ఏడుపు కలిపేసింది, కళ్ళు తుడుచుకుంటే చేతి పిండి కళ్ళలో పడింది, మంచిదే, అడిగితే పిండి పడిందనొచ్చు. అత్తయ్యా, వాసన వస్తోందా. నూట తొంభై కిలోమీటర్లు, రెండు కొండలు, వస్తోందా. ఈపాటికి ఆవిడకి స్నానం చేయిస్తుంటారు. అయిదుగురు ఆడవాళ్ళుండాలి, అందులో కోడళ్ళుండాలి, పెద్ద తోటికోడలు తల దగ్గర ఉంటుంది, కాళ్ళ దగ్గర తనుండాలి, చిన్న కోడలి చోటు అది, ఆ మోకాళ్ళకి ఊరెళ్ళినప్పుడల్లా గొర్రె కొవ్వు రాసింది తను, కుడి మోకాలు ఎడమదానికంటే లావని ఇంకెవరికి తెలుసు, నీళ్ళు ఎంత వేడిగా ఉంటే ఆవిడకి ఇష్టమో ఇంకెవరికి తెలుసు. ఎవరో పరాయిది పోస్తుంటుంది. చల్లటివి పోస్తుంటుంది.

తలుపు తెరుచుకుని చలీ, కుబాతూ ఒకేసారి లోపలికొచ్చారు. చెవులు ఎర్రగా, మీసం నిండా మంచు, యాభై ఏళ్ళ మనిషి, పదేళ్ళ పిల్లాడి మొహం.

‘‘ఏం వాసనే బాబూ, రోడ్డు చివరిదాకా కొడుతోంది. లారీవాళ్ళు నన్ను చూసి కుళ్ళి చస్తున్నారు.’’ మూకుట్లోంచి ఒకటి లాక్కుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి వేసుకుంటూ కొరికాడు. ‘‘అచ్చం అమ్మ చేసినట్టుంది. ఇరవై ఒక్క ఏళ్ళకి నేర్చుకున్నావన్నమాట.’’

‘‘జామ్ వేసుకోండి.’’

‘‘కళ్ళేంటి అలా ఉన్నాయి?’’

‘‘పిండి పడింది.’’

‘‘నా ఫోనేదీ? అమ్మకి ఒక మాట చెప్పేస్తాను. వస్తున్నామని పొద్దున్నే పిండి పిసుక్కుని వాకిట్లో కూచుని ఉంటుంది.’’

‘‘చార్జింగులో ఉంది. సిగ్నలు లేదు.’’ ఫోను పరుపు కింద ఉంది, ఇందాక తను కూచున్న చోటుకి సరిగ్గా కింద, తనే కట్టేసి దాచింది.

‘‘ఇందాక నువ్వెవరితోనో మాట్లాడావుగా?’’

‘‘బడి నుంచి. మధ్యలో కట్టయిపోయింది.’’

‘‘ఈ బడివాళ్ళకి సెలవుల్లో కూడా నువ్వే కావాలి.’’ ఇంకోటి తీసుకున్నాడు. నమలడం ఆపి కర్టెన్ల వంక చూశాడు. ‘‘బాగా కుట్టావే. గురువారం గొడవపడ్డాను గానీ, బాగా కుట్టావు. అమ్మ చూస్తే ఏమీ అనదు చూడు, ఏమీ అనకపోతే మెచ్చుకున్నట్టే.’’

తిట్టినా బాగుండేది. ఆమె పళ్ళెంలో రొట్టెలు పేర్చి చేతికిచ్చింది. ‘‘బయట పంచిరండి. ఏడుగురికి.’’

‘‘ఏడే ఎందుకు? ఇవాళ ఎవరి దినమేంటి?’’ నవ్వుతూనే అన్నాడు, అలవాటు మాట.

‘‘ఏడే ఉన్నాయి కాబట్టి.’’

అతను పళ్ళెం పట్టుకుని మెట్లు దిగాడు, ఆ రెండు మెట్లు, దిగుతూ ఎవరినో కేకేశాడు, రండ్రోయ్, మా ఆవిడ సదావ్రతం పెట్టింది. తన తల్లి పేరున రొట్టెలు పంచుతున్నానని తెలియకుండా పంచుతున్నాడు. తీసుకున్న ప్రతివాడూ అరచేతులు మొహానికి రాసుకుని దీవిస్తున్నాడు. బురుల్ లెక్కపెట్టింది, ఒకటి, రెండు, అయిదో రొట్టె ఆకుపచ్చ కారులో ఉన్న ముసలాయనకి ఇచ్చాడు, ఆరు, ఏడు. తనకి ఇంకోటి మిగల్లేదేమని ఖాళీ పళ్ళెం తలకిందులు చేసి చూపించి నవ్విస్తున్నాడు.

చెప్పేస్తే. ఇప్పుడే తలుపు తీసి పిలిచి, ఇలా కూచోండి అని, చెప్పేస్తే. పెదవి దాటితే పృథివి దాటుతుంది, ఆ తర్వాత మాట తన చేతిలో ఉండదు. చెబితే ఏం చేస్తాడో ఆమెకి తెలుసు. తాళం తిప్పుతాడు, గొలుసులు కట్టిన చక్రాలు, నాలుగు చక్రాలకీ ఇంజను బలమున్న బండి, అడ్డంగా పెట్టిన కర్రని గుద్దుకుని కనుమ ఎక్కేస్తాడు. బండి ఆగితే దిగి నడుస్తాడు. రెండేళ్ళ కింద ఇదే కనుమలో ఒకతను నడిచాడు, పెళ్ళికి టైమైపోతోందని, ఎండాకాలం వచ్చాక దొరికాడు. చెప్పకపోతే, చెప్పకపోతే ఏమవుతుంది, ఏమీ అవదు, ఒంటిగంటన్నర అవుతుంది, అక్కడ అన్నదమ్ములూ అల్లుళ్ళూ ఒక్కొక్కరు మూడు గుప్పెళ్ళ మట్టి వేస్తుంటారు, ఇక్కడ ఇతను పేకాటలో ఎవడినో ఏడిపిస్తుంటాడు. మూడు రోజుల తర్వాత ఊరి మొదట్లో మావయ్య చెబుతాడు. ఆ రాత్రో, ఆ మర్నాడో, నెల తర్వాతో, ఇతను లెక్క వేసుకుంటాడు, ఆదివారం మధ్యాహ్నం నేనేం చేస్తున్నాను అని. మెకానిక్ బుర్ర, ఏ మర ఎప్పుడు వదులైందో వెనక్కి లెక్క వేసి పట్టుకునే బుర్ర. పట్టుకుంటాడు. పట్టుకుని ఆమె వంక చూస్తాడు. తల్లికి మట్టి వెయ్యలేకపోవడం విధి, పోనీ. ఆ మట్టి పడే వేళకి కనీసం ఏడవనివ్వకపోవడం మాత్రం తన చేతుల్లో పని.

పెద్దాయన ఒకడు చెప్పాలి. అదే కదా పద్ధతి. మావయ్యే చెప్పాలని ఎక్కడుంది. పెద్దాయన చేతిని విదిలించుకుని పోయే మగవాడు ఈ దేశంలో ఇంకా పుట్టలేదు, కుబాత్ అసలే కాదు. పన్నెండూ నలభై అయింది. బురుల్ శాలువా తలమీదకి లాక్కుని మంచులోకి దిగింది. కుబాత్ రోడ్డు అవతల ఎవరి బానెట్టులోనో తలదూర్చి ఉన్నాడు.

ఆకుపచ్చ కారు మీద తాళ్ళతో కట్టిన ఊయల ఉంది, రంగులేసిన కొత్త చెక్క ఊయల, దానిమీద మంచు. లోపల వెనక సీట్లో తెల్లగడ్డం ముసలాయన ఒక్కడే, టోపీ మోకాలి మీద పెట్టుకుని, ఆమె చేసిన రొట్టె సగం తిని సగం చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఎక్కు కోడలా, చలి, అన్నాడు. ఎక్కింది. ముసలాయన తొందరపెట్టలేదు, అద్దం మీద ఆవిరి తుడిచాడు. చివరికి చెప్పింది, ఎలా చెప్పిందో తెలియదు, వరస తప్పి, ముందు కర్టెన్ల సంగతి, తర్వాత ఫోను సంగతి, తర్వాత నమాజు టైము.

‘‘మీరు చెప్పాలి తాతా. నా నోట రాకూడదు.’’

‘‘ఎంత మాట తెచ్చావమ్మా.’’ ముసలాయన చేతిలో రొట్టె వంక చూసుకున్నాడు, అదేం రొట్టో ఇప్పుడు తెలిసింది ఆయనకి. ‘‘మునిమనవణ్ణి ఊయల్లో వెయ్యడానికి పోతున్నవాణ్ణి. నెత్తిమీద ఊయల పెట్టుకుని ఈ కబురు ఎలా చెప్పను?’’

‘‘ఆయన మీ కారు కింద మంచు తవ్వారు తాతా.’’

అన్నందుకు సిగ్గేసింది. చేసిన సాయం ఎత్తిచూపించే మనిషిని కాదే నేను అనుకుంది. ముసలాయన మాత్రం తల ఊపాడు. మిగిలిన సగం రొట్టె నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలి, అరచేతులు మొహానికి రాసుకున్నాడు.

‘‘ముందు వెళ్ళి బండి తాళాలు దాచు. తర్వాత టీ పెట్టు. ఎన్నేళ్ళు ఆవిడకి? ఎంతమంది బిడ్డలు? పేరేంటి?’’

డెబ్భై ఎనిమిది. అయిదుగురు. పేరు. పేరు దగ్గర ఆగిపోయింది. కోడలు అత్తింటి పెద్దల పేర్లు పలకదు, ఇరవై ఒక్క ఏళ్ళలో ఒక్కసారీ పలకలేదు, పలక్కపోవడమే కాదు, ఆవిడ పేరులో దానిమ్మ ఉందని దానిమ్మపండుని కూడా ఎర్రగింజల కాయ అనే అడిగేది బజార్లో, అమ్మేవాళ్ళు నవ్వేవాళ్ళు. అత్తగారు ఆ సంగతి తెలిసి, ‘‘పలుకు పిల్లా, నీ నాలుక కాలదులే, నాకూ వినాలనుంది ఈ ఇంట్లో నా పేరు, మీ మావగారు ఉన్నన్నాళ్ళూ ఒసేయ్ తప్ప ఏమన్నాడు కనక,’’ అనేది. అయినా పలకలేదు. మర్యాద అనుకుంది. పలికి ఉండాల్సింది. వంటింట్లో, ఎవరూ లేనప్పుడు, ఒక్కసారి.

‘‘అనార్‌కాన్,’’ అంది.

ఒంటిగంట. ఒంటిగంటా అయిదు. తాళాలు బియ్యం డబ్బాలో పడేసింది. కెటిల్ పొయ్యి మీద పెట్టింది. పల్లెలో ఎండ ఉందట, బావగారు అన్నారుగా మధ్యలో, ఇక్కడ ఎండ బాగా ఉందమ్మాయ్ అని, చావుకబురు చెబుతూ ఎండ సంగతి ఎందుకు చెప్పారో, ఇంకేం చెప్పాలో తోచక అయి ఉంటుంది పాపం, ఆయనకి మాత్రం అమ్మ కాదా. గుడారం ఎత్తి ఉంటారు. లోపల ఆడవాళ్ళు గోడవైపు తిరిగి కూచుని పాడుతూ ఏడుస్తుంటారు, నా కొండ కూలింది అని, నా పొయ్యి ఆరింది అని, తను గనక అక్కడుంటే ఏం పాడేది, పాటలు కట్టడం తనకి రాదు, మోకాళ్ళ గురించి పాడేదేమో, పెళ్ళయిన కొత్తలో పాలు పొంగించి పొయ్యి ఆర్పేసినప్పుడు ఆవిడ తలుపు వేసి ఎవరికీ తెలియకుండా తనే తుడిచిన సంగతి పాడేదేమో. తల్లి చచ్చిపోయింది, తన తల్లి పోయి పదకొండేళ్ళు, ఇది రెండోసారి, ఈసారి ఏడవడానికి కూడా వీల్లేకుండా. కుబాత్ వస్తున్నాడు. ముసలాయనని చెయ్యిపట్టుకుని తనే నడిపించుకొస్తున్నాడు, జారుతుంది తాతా, ఇక్కడ కాలెయ్యండి, ఇక్కడ. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చూసి బురుల్ కెటిల్ వైపు తిరిగింది.

ముసలాయనని తలుపుకి ఎదురుగా, పెద్దవాళ్ళు కూచునే చోట కూచోబెట్టాడు, అమ్మ కోసం చేసిన మంచం అంచున. బండి గొప్పలు చెప్పాడు, బల్ల ఎలా మడుస్తారో మడిచి చూపించాడు, కిటికీ ఎందుకో చెప్పాడు. ముసలాయన అన్నిటికీ ఆహా అన్నాడు. బురుల్ టీ పోసి అందించింది. కుబాత్ చూసి, ‘‘ఏమే, తాతని లేచి పొమ్మంటున్నావా,’’ అన్నాడు. కప్పు అంచులదాకా నిండా పోసింది. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళకి సగమే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పొయ్యడానికి, నిండా పోస్తే ఇక దయచెయ్యండని అర్థం. ఇరవై ఒక్క ఏళ్ళ కాపురంలో అలా ఎప్పుడూ పొయ్యలేదు. ముసలాయన, ‘‘చలికి నిండుగానే బాగుంది,’’ అని తాగాడు. ఒంటిగంటా ఇరవై అయిదు. కప్పు కింద పెట్టాడు.

‘‘నాయనా కుబాత్. మంద కొండ దిగేటప్పుడు ముసలిది ముందు దిగుతుంది. పిల్లలు వెనక. అది వరస. పిల్ల ముందు దిగితే కాపరి గుండె పగులుతుంది. ముసలిది దిగితే ఏడుస్తాడు, ఏడ్చినా, వరస తప్పలేదులే అని ఏడుస్తాడు.’’

‘‘అంతే తాతా.’’

‘‘ఇంటి పెద్దావిడ ఉంటుంది. డెబ్భై ఎనిమిదేళ్ళు తిరిగి, పెట్టి, అయిదుగుర్ని పెంచి, ఎవరినీ మంచినీళ్ళు అడిగి తాగకుండా, ఒక తెల్లారుజామున నిద్రలోంచి లేవకుండా వెళ్ళిపోతుంది. ఇంకా తింటూ తాగుతూ ఉన్న మనలాంటివాళ్ళం దాన్ని చావనకూడదు. నువ్వు దారిలో ఉంటావు. మంచు పడుతుంది. నీ తప్పు లేదు. ఆవిడ తప్పూ లేదు.’’ ఇక్కడికి వచ్చేసరికి ముసలాయన కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి, చెప్పాల్సిన చివరి మాట చెప్పకుండా ఆగిపోయాడు.

కుబాత్ మొహంలో నవ్వు పోయింది. తన కప్పు పక్కన పెట్టి మోకాళ్ళ మీద ముందుకి జరిగి ముసలాయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

‘‘తాతా, అవ్వా? ఇప్పుడే తెలిసిందా? ఫోనొచ్చిందా మీకు?’’ ముసలాయన తల అడ్డంగా ఊపబోయాడు, కుబాత్ చూసుకోలేదు. ‘‘అయ్యో తాతా, ఊయల పట్టుకుని పండక్కి పోతూ. ఇంతసేపూ నేను మీతో పిచ్చి జోకులేస్తూ కూచున్నాను, ఒక్కమాట అననివ్వకుండా. మీరు దిగులు పెట్టుకోకండి. కనుమ తెరిచిన మరుక్షణం ఈ బండిలోనే తీసుకెళతాను, ఏ ఊరైనా సరే, మా అమ్మ ఒకరోజు ఆగుతుంది, ఏమీ అనుకోదు. బురుల్, తాతకి ఇంకో దుప్పటి తియ్యి.’’ బురుల్ కదల్లేదు. కుబాత్ టోపీ తీసి పక్కన పెట్టి, అరచేతులు పైకి పట్టి, పెద్దలు అనే మాట, చావింట్లో ప్రతివాడూ అనాల్సిన మాట, నెమ్మదిగా, నేర్చుకున్న పిల్లాడిలా పూర్తిగా అన్నాడు. ‘‘ఆవిడ పడుకున్న చోటు చల్లగా ఉండాలి. ఆవిడ మీద పడే మట్టి పట్టుబట్టంత మెత్తగా ఉండాలి. ఆమీన్.’’

ఒంటిగంటా ముప్ఫై నాలుగు. ముసలాయన ఆమీన్ అన్నాడు. బురుల్ కూడా అంది, పైకే అంది, అరచేతులు మొహానికి రాసుకుంది, ఆ చేతులు మళ్ళీ కిందకి దించలేకపోయింది.

‘‘మా ముసల్ది బాగానే ఉంది నాయనా,’’ అన్నాడు ముసలాయన.

కుబాత్ ఇంకా జాలిగానే చూస్తున్నాడు ఆయనని. ఆ జాలి అలాగే ఉండగా కళ్ళు మెల్లగా పెళ్ళాం వైపు తిరిగాయి, చేతులతో మొహం కప్పుకున్న పెళ్ళాం వైపు, తర్వాత పొయ్యి పక్కన నూనె మూకుడు వైపు. బయట ఎవరో ఇంజను స్టార్టు చేసి మళ్ళీ ఆపేశారు.

‘‘ఎప్పుడు?’’ అన్నాడు.

‘‘తెల్లారుజామున.’’

‘‘మట్టి?’’

‘‘ఇప్పుడు,’’ అంది బురుల్.

అతని చెయ్యి తాళాలుండే మేకు మీదకి వెళ్ళింది, అక్కడ ఏమీ లేదు, ముసలాయన ఆ మణికట్టు పట్టుకున్నాడు, గట్టిగా ఏమీ పట్టుకోలేదు, ముసలి చెయ్యి. కుబాత్ విడిపించుకోలేదు. తర్వాత మోకాళ్ళ మీదే దక్షిణం వైపుకి, మూసేసిన కనుమ వైపుకి తిరిగి, అరచేతులు మళ్ళీ పైకి పట్టి, ఇందాక పరాయి ముసలమ్మకని అన్న మాటల్ని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. అమ్మ పడుకున్న చోటు చల్లగా ఉండాలి అన్నాడు. అమ్మ మీద పడే మట్టి, అన్నాడు. మిగతాది ముసలాయన అందుకుని చెప్పాడు.